పొగలో, బూజులో పొంచి ఉన్న విషం

"మా చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేవు. పల్లెటూరి గాలి, కట్టెల పొయ్యి మీద వంట, పెరట్లో కాసిన కూరగాయలు. మాకెందుకొస్తుందండీ క్యాన్సరు?"

ఈ మాట ఎంతోమంది ఆడవాళ్ల నోట వింటూ ఉంటాం. క్యాన్సరు తెచ్చే రసాయనాలంటే పెద్ద పెద్ద ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి వచ్చేవనీ, పురుగుమందుల డబ్బాల్లో ఉండేవనీ మనలో చాలామంది నమ్మకం. అవీ ప్రమాదకరమైనవే, కాదనలేం. అయితే మనిషికి క్యాన్సరు తెస్తాయని శాస్త్రజ్ఞులు ఏ సందేహమూ లేకుండా తేల్చిన రసాయనాల్లో కొన్ని మన వంటింట్లోనూ, మన కొట్టుగదిలోనూ పుడుతున్నాయి. వాటిని ఎవరూ పనిగట్టుకుని తయారు చెయ్యనక్కర్లేదు. కట్టె కాలితే పుడతాయి. పొగాకు కాలితే పుడతాయి. పల్లీలు చెమ్మగిల్లితే బూజులోంచి పుడతాయి.

వీటి సంగతి ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆ పొగ ముందు కూర్చునేదీ, ఆ పల్లీలు చేటలో చెరిగేదీ ఆవిడే. వాటిని అరికట్టగలిగేదీ చాలావరకు ఆవిడే.

కర్బన రసాయనాలంటే?

స్కూల్లో సైన్సు మేష్టారు చెప్పే ఉంటారు. బొగ్గులో ఉండేది కర్బనం. ఈ కర్బనం అణువులకు ఒక గుణం ఉంది. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులుగానూ, ఉంగరాలుగానూ ఏర్పడతాయి. అలా ఏర్పడినవే కర్బన పదార్థాలు. మనం తినే బియ్యం, పంచదార, నూనె, నెయ్యి అన్నీ ఆ కోవలోవే. ఆ మాటకొస్తే మన శరీరం కూడా అంతే. కాబట్టి కర్బన రసాయనం అనగానే విషం అనుకోకూడదు. లక్షలాది రకాల్లో కొన్ని మాత్రమే ప్రాణాంతకమైనవి.

బెంజీన్ అనేది అలాంటిది. పెట్రోలులో ఉంటుంది, కొన్ని పరిశ్రమల్లో వాడతారు. ఎక్కువ కాలం పీలిస్తే రక్త క్యాన్సరుకు దారి తీస్తుంది. రంగుల పరిశ్రమల్లో వాడిన కొన్ని రసాయనాలు మూత్రాశయానికి క్యాన్సరు తెస్తున్నాయని 1895లోనే లుడ్విగ్ రేన్ అనే జర్మన్ సర్జన్ అనుమానించాడు. బెంజీన్ ఉంగరాలు రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పక్కపక్కన అతుక్కుంటే ఏర్పడే రసాయనాలను పి.ఏ.హెచ్.లు అంటారు. ఏ కర్బన పదార్థమైనా సరిగ్గా మండక పొగ వస్తే ఆ పొగలో ఇవి ఉంటాయి. మన కథలో ముఖ్యమైన విలన్లలో ఇదొకటి.

మసి నేర్పిన పాఠం

ఈ కథ లండన్‌లో మొదలైంది. ఆ రోజుల్లో అక్కడ ఇళ్లన్నిటికీ బొగ్గు పొయ్యిలు, వాటి మీద పొడుగాటి పొగగొట్టాలు. గొట్టం లోపలి మసిని దులపడానికి చిన్న చిన్న పిల్లల్ని అందులోకి ఎక్కించేవారు. బీదపిల్లలు. ఒంటి నిండా మసి, రోజుల తరబడి స్నానం ఉండేది కాదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక చాలామందికి మర్మావయవాల దగ్గర చర్మం మీద క్యాన్సరు పుండ్లు లేస్తున్నాయని పెర్సివల్ పాట్ అనే సర్జన్ గమనించి 1775లో రాశాడు. ఫలానా పదార్థం వల్ల ఫలానా క్యాన్సరు వస్తోందని ఒక వృత్తికి ముడిపెట్టి చెప్పిన తొలి మాట అది.

మసిలో ఏముందో తేలడానికి మాత్రం మరో నూటయాభై ఏళ్లు పట్టింది. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూశారు. విసుగూ విరామం లేకుండా పూయగా పూయగా ఆ చెవుల మీద క్యాన్సరు గడ్డలు లేచాయి. 1933లో లండన్ శాస్త్రజ్ఞులు రెండు టన్నుల తారు ముద్దను వడగట్టి, వడగట్టి, అందులోంచి పసుపు పచ్చని స్ఫటికాలు తీశారు. దాని పేరు బెంజోపైరీన్. ఇది పి.ఏ.హెచ్.ల కుటుంబంలో బాగా పేరుమోసినది. ఇవాళ సిగరెట్టు పొగలోనూ, చుట్ట పొగలోనూ, కట్టెల పొగలోనూ, మాడిపోయిన మాంసం మీదా ఇది ఉంటుందని మనకు తెలుసు.

ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తాయి?

ఇక్కడే విచిత్రం ఉంది. బెంజోపైరీన్ ఒంట్లోకి వెళ్లిన రూపంలో దానంతటది పెద్దగా హాని చెయ్యదు. దాన్ని విషంగా మార్చేది మన శరీరమే!

ఎలాగంటారా? జిడ్డు గిన్నె వట్టి నీళ్లతో తోమితే పోదు కదా, సబ్బో బూడిదో వెయ్యాలి. ఈ రసాయనాలు కూడా జిడ్డు స్వభావం గలవి. నీళ్లలో కరగవు, అందుకని మూత్రంలో పోవు. వాటిని నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపే పని ముఖ్యంగా కాలేయానిది. అందుకోసం కాలేయంలోని ఎంజైములు ఆ రసాయనానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. ఉద్దేశం మంచిదే. కానీ ఈ మార్పు జరిగేటప్పుడు మధ్యలో ఒక దశ వస్తుంది. ఆ దశలో రసాయనం జిగురులా తయారై దగ్గర్లో ఏముంటే దానికి అతుక్కుపోతుంది. మామూలుగా అయితే శరీరం దగ్గర ఉన్న గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని పట్టుకుని బయటికి నెట్టేస్తుంది. విషం ఎక్కువైతే గ్లూటాథయోన్ చాలదు. అప్పుడు ఆ జిగురు కణం నడిబొడ్డులో ఉన్న డి.ఎన్.ఏ.కి అతుక్కుంటుంది.

డి.ఎన్.ఏ. అంటే అమ్మమ్మ చేతిరాతలో ఉన్న వంటల పుస్తకం లాంటిది అనుకోండి. కణం ఏ పని ఎంత చెయ్యాలో, ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు ఆగాలో అంతా అందులో రాసి ఉంటుంది. కణం చీలినప్పుడల్లా ఆ పుస్తకానికి నకలు తీసుకుంటుంది. మధ్యలో ఒక అక్షరం మీద జిగురు మరక పడితే నకలు తీసేటప్పుడు ఆ అక్షరం తప్పు పడుతుంది. చిటికెడు ఉప్పు అన్నచోట గిద్దెడు ఉప్పు అని పడితే వంట ఏమవుతుంది?

అదృష్టం ఏమిటంటే ఇలాంటి తప్పుల్ని మన శరీరం రోజూ దిద్దుకుంటూనే ఉంటుంది. దిద్దడానికి వీలుకాని కణం తనంతట తాను చచ్చిపోయేలా చేసే కాపలాదారు కూడా ఉన్నాడు. పి53 అనే జన్యువు అది. కానీ రోజూ పొగ, రోజూ విషం అయితే ఎక్కడో ఒకచోట తప్పు దిద్దుబాటుకు అందకుండా మిగిలిపోతుంది. ఏదో ఒకనాడు ఆ తప్పు సరిగ్గా ఆ కాపలాదారు జన్యువులోనే పడుతుంది. ఇలా ఒక్కటి కాదు, కొన్ని తప్పులు ఒకే కణంలో పోగయితే ఆ కణానికి ఆగడం తెలియదు. చీలుతూ పోతుంది. అదే క్యాన్సరు.

ఇదంతా జరగడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. "మా మావగారు యాభై ఏళ్లు చుట్ట కాల్చారు, ఏమైంది?" అని అడిగేవాళ్లు అందుకే ఉంటారు. అందరికీ తప్పు ఒకేచోట పడదు. అది లాటరీ లాంటిది. కాల్చిన ప్రతి చుట్టా ఒక టికెట్టు. కొందరికి తగలకపోవచ్చు. అయినా టికెట్లు పెరిగేకొద్దీ తగిలే అవకాశం పెరుగుతుంది.

వంటింటి పొగ

కట్టెలు, పిడకలు, కందికట్టె, ఊక - ఏది కాల్చినా పొగ వస్తుంది. గొట్టంతో ఊదుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఒళ్లో పసిబిడ్డను పెట్టుకుని పూటకు గంటో రెండు గంటలో ఆ పొగ ముందు గడిపిన తల్లులు మన ఇళ్లలో ఎందరో. కట్టెల పొగ మనిషికి క్యాన్సరు తెచ్చే అవకాశం బాగా ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ వర్గీకరించింది. ఇళ్లలో కాల్చే బొగ్గు పొగ విషయంలో అయితే 'అవకాశం' అనే మాట కూడా లేదు, తెస్తుందనే తేల్చేసింది.

ఇందుకు చైనా నుంచి ఒక గట్టి సాక్ష్యం ఉంది. యునాన్ రాష్ట్రంలో షువాన్‌వీ అనే ప్రాంతం. అక్కడి ఆడవాళ్లు సిగరెట్టు ముట్టరు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయేవాళ్లు చైనాలో మరెక్కడా లేనంతమంది. కారణం వెతికితే ఇంటి మధ్యలో గుంట తీసి, పొగ పోయే దారి లేకుండా కాల్చే బొగ్గు అని తేలింది. తరవాత చాలా ఇళ్లలో పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టించారు. ఆ ఇళ్లవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరు దాదాపు సగానికి తగ్గిందని 2002లో వెలువడిన పరిశోధన చెప్పింది. మందూ లేదు, మాకూ లేదు. ఒక్క గొట్టం!

క్యాన్సరు ఒకటే కాదు. ఆయాసం, గుండెజబ్బు, కంటి శుక్లాలు, పసిపిల్లల న్యుమోనియా కూడా ఈ పొగతో ముడిపడినవే. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చాక గ్యాసు చాలా ఇళ్లకు చేరింది. సంతోషమే. అయితే సిలిండరు ఖరీదు చూసి, "కాఫీకీ చుట్టాలొచ్చినప్పుడూ గ్యాసు, అన్నానికీ నీళ్లు కాగడానికీ కట్టెలు" అని సర్దుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మగవాళ్ల సిగరెట్లకు దొరికే డబ్బు సిలిండరుకు దొరకదా అని ఒక్కసారి ఇంట్లో అడిగి చూడండి.

గ్యాసు పొయ్యి ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. మూకుడులో నూనె పొగలు కక్కేదాకా ఉంచి అప్పుడు తాలింపు వేసే అలవాటు మంచిది కాదు. మరీ ఎక్కువ వేడిలో నూనె వేపుళ్ల నుంచి వచ్చే పొగ కూడా క్యాన్సరు అనుమానితుల జాబితాలో ఉంది. ఆవాలు చిటపటలాడడానికి నూనె కాగితే చాలు, పొగలు రానక్కర్లేదు.

అడ్డపొగ

ఇది మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ల సొంత కథ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో, ముఖ్యంగా తీరప్రాంతం ఊళ్లలో, పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందనీ, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయనీ, పెద్దల ఎదుట కనపడకుండా ఉంటుందనీ రకరకాల కారణాలు చెబుతారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు.

అంగిలికి, అంటే నోటి పైకప్పుకు క్యాన్సరు రావడం ప్రపంచంలో మిగతా చోట్ల అరుదు. మన కోస్తా ఊళ్లలో మాత్రం ఇది ఎక్కువగా కనిపించడంతో 1950లలోనే విశాఖ డాక్టర్లు దీన్ని అడ్డపొగతో ముడిపెట్టి రాశారు. ఆ తరవాత శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల్ని పరీక్షించి 1971లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ వాళ్లే! వాళ్లలో చాలామందికి అంగిలి తెల్లబడడం, ఎర్రటి మచ్చలు, పుళ్లు కనిపించాయి.

కారణం మీరే ఊహించగలరు. నిప్పు వేడి, బెంజోపైరీన్ ఉన్న పొగ, పొగాకులోని నైట్రోసమైన్లు అనే మరో రకం కర్బన విషాలు, బూడిద - అన్నీ కలిసి తిన్నగా అంగిలికే తగులుతాయి. పాట్ దొరగారు చూసిన లండన్ పిల్లలకు మసి చర్మానికి అంటింది. ఇక్కడ నోటికే అంటుతోంది.

ఇప్పటి అమ్మాయిల్లో ఈ అలవాటు తగ్గుతూ వస్తోంది. అయితే అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉన్నారు కదా. "ఇన్నేళ్ల అలవాటు, ఇప్పుడు మానితే ఏమొస్తుందిలే" అనే మాట నిజం కాదు. ఏ వయసులో మానినా ప్రమాదం తగ్గుతుంది. కొత్త మరకలు పడడం ఆగితే శరీరం తన దిద్దుబాటు తాను చేసుకుంటుంది.

పొగాకు కాల్చకుండా నమిలితే ఫరవాలేదనుకోకండి. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీలో కూడా నైట్రోసమైన్లు ఉంటాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం, పొగాకు లేకపోయినా వట్టి వక్క కూడా క్యాన్సరు కారకమని అంతర్జాతీయ సంస్థ 2004లో ప్రకటించింది. పేరంటంలో ఒక తాంబూలం వేసుకున్నందుకు కంగారు పడనక్కర్లేదు. రోజంతా బుగ్గన వక్క పెట్టుకునే వాళ్లకు మాత్రం ఇది హెచ్చరిక.

పల్లీల్లో బూజు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. జబ్బు పేరు తెలియక 'టర్కీ ఎక్స్' అన్నారు. చివరికి దోషం బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఆ చెక్కకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి ఉంది. బూజు వదిలిన విషానికి ఆ పేరులోని అక్షరాలే కలిపి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ప్రకృతిలో దొరికే క్యాన్సరు కారకాల్లో చాలా బలమైన వాటిలో ఇదొకటి. దీని గురి కాలేయం మీద.

మన దేశానికి దీని దెబ్బ 1974లో తెలిసింది. రాజస్థాన్‌లోని బన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో మొక్కజొన్న పంట మీద అకాల వర్షాలు పడ్డాయి. కంకులు సరిగ్గా ఎండలేదు, బూజు పట్టింది. బీద గిరిజనులకు వేరే తిండి లేదు, అవే తిన్నారు. 397 మంది కామెర్లతో, పొట్ట ఉబ్బి జబ్బు పడ్డారు. 106 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఇళ్ల తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వెళ్లి, ఆ మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ ఉందని కనిపెట్టారు.

అది ఒక్కసారిగా ఎక్కువ విషం తిన్న సంగతి. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సరు వస్తుంది. అఫ్లాటాక్సిన్‌ను కూడా మన కాలేయమే జిగురు విషంగా మారుస్తుంది. అది పి53 జన్యువులో దాదాపు ఎప్పుడూ ఒకేచోట, 249వ స్థానంలో దెబ్బ కొడుతుందని 1991లో తేలింది. దొంగ తన వేలిముద్ర వదిలి వెళ్లినట్టన్నమాట!

ఇంకో సంగతి. హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్లకు ఈ విషం మరీ చేటు. చైనాలో షాంఘై నగరంలో చేసిన పరిశోధనలో, అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సరు ప్రమాదం సుమారు మూడు రెట్లు, వైరస్ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు పెరిగింది. రెండూ కలిసినవాళ్లకు సుమారు అరవై రెట్లు! పుట్టిన బిడ్డకు 24 గంటల్లో వేసే హెపటైటిస్ బి టీకా కామెర్లకే కాదు, క్యాన్సరుకు కూడా అడ్డుగోడ అని తల్లులు గుర్తుంచుకోవాలి.

"వేయిస్తే పోతుందిలే" అంటారా? పోదు. మామూలు వంట వేడికి అఫ్లాటాక్సిన్ నశించదు. వేయిస్తే కొంత తగ్గుతుందేమో గానీ మిగిలేది మిగులుతుంది. పాలు కాచినా అంతే. పాలకేం సంబంధం అనుకుంటున్నారా? బూజు పట్టిన చెక్క, పాడైన జొన్నలు పారెయ్యడానికి మనసొప్పక గేదెకు పెడతాం. ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. మన దేశ ఆహార భద్రత సంస్థ 2018లో చేయించిన సర్వేలో 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఈ విషం పరిమితికి మించి ఉంది. మనం తినలేక గేదెకు వేసింది తిరిగి మన పిల్లల గ్లాసులోకే వస్తుందన్నమాట.

బూజులన్నీ ఒకటే కాదు. ఇడ్లీ పిండి పులవడం, పెరుగు తోడుకోవడం వేరు. వాటికీ దీనికీ సంబంధం లేదు. అఫ్లాటాక్సిన్ ఎక్కువగా కనిపించేది వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి, ఎండుకొబ్బరి, పత్తిగింజల వంటి వాటిలో. గింజ మీద పచ్చగా, పసుపుపచ్చగా పొడిలా కనిపించవచ్చు. బయటికి కనిపించకుండా లోపల కూడా ఉండవచ్చు. అందుకే పరీక్షలు. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని కనిపెట్టే పరీక్ష పద్ధతిని తయారు చేసింది.

గృహిణులు పాటించవలసినవి

* పల్లీలు, ఎండుమిర్చి ఏడాదికి సరిపడా కొనేవాళ్లు బాగా ఎండినవి చూసి కొనండి. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలలాడాలి. ఇంటికి తెచ్చాక మరో రెండు రోజులు ఎండబెట్టి పూర్తిగా చల్లారాక డబ్బాకు ఎత్తండి.

* చేటలో పోసి ఏరండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పగిలినవి, పుచ్చినవి, బూజు పట్టినవి తీసి పారెయ్యండి. విషంలో ఎక్కువ భాగం ఈ కొద్ది గింజల్లోనే ఉంటుంది. మన అమ్మమ్మల చేట పెద్ద ల్యాబొరేటరీ చేసే పని చేస్తుంది.

* నోట్లో వేసుకున్న పల్లీ చేదుగా తగిలితే మింగకండి, ఉమ్మేసి నోరు పుక్కిలించండి.

* గానుగ నూనె ఆడించే వాళ్లు ఏరిన గింజలే ఇవ్వండి. ఫ్యాక్టరీలో శుద్ధి చేసినప్పుడు ఈ విషం పోతుంది, గానుగలో పోదు. బూజు పట్టిన చెక్కను గేదెకు వెయ్యకండి.

* వానాకాలంలో మూటలు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. కింద చెక్క పలకలు వెయ్యండి. తడి గరిటె, తడి చెయ్యి డబ్బాలో పెట్టకండి.

* కట్టెల పొయ్యి తప్పనిసరి అయితే పొగగొట్టం పెట్టించండి, లేదా వంట ఆరుబయట చెయ్యండి. పచ్చికట్టె వాడకండి. పప్పు, బియ్యం ముందుగా నానబెట్టి మూత పెట్టి వండితే పొయ్యి దగ్గర ఉండే సమయం తగ్గుతుంది. పసిపిల్లల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టకండి.

* ప్లాస్టిక్ కవర్లు, పాత టైరు ముక్కలు పొయ్యి అంటించడానికి వాడకండి. వాటి పొగ కట్టెల పొగకన్నా చెడ్డది.

* వేపుడు నూనె నల్లబడి, నురగ కట్టేదాకా మళ్లీ మళ్లీ కాచకండి. మాడిన భాగాన్ని గీకి తీసేసి వడ్డించండి.

* ఇంట్లో ఎవరైనా సిగరెట్టు, బీడీ, చుట్ట కాలిస్తే గుమ్మం బయటికి పంపండి. ఆ పొగ పీల్చిన ఇల్లాలికీ పిల్లలకీ కూడా ప్రమాదమే.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

నోట్లో పుండు గానీ, తెల్లని లేదా ఎర్రని మచ్చ గానీ రెండు మూడు వారాలైనా మానకపోతే, నోరు పూర్తిగా తెరవలేకపోతే, మింగడం కష్టమైతే, గొంతు బొంగురు పోయి తగ్గకపోతే, దగ్గు మూడు వారాలు దాటితే, దగ్గితే రక్తం పడితే, కామెర్లతోపాటు కుడి డొక్కలో బరువుగా ఉండి మనిషి చిక్కిపోతుంటే ఆలస్యం చెయ్యకండి. ఇవన్నీ క్యాన్సరే అని కాదు. చాలాసార్లు వేరే కారణం ఉంటుంది. కాదని డాక్టరు చెప్పాలి, మనం చెప్పుకోకూడదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఇందుకోసమే ఉన్నాయి.

మన ఆడవాళ్లకు ఒక దురలవాటు ఉంది. పిల్లాడికి తుమ్ము వస్తే ఆస్పత్రికి పరుగెడతారు. తమ నోట్లో పుండు నెలల తరబడి ఉన్నా పసుపు రాసుకుని ఊరుకుంటారు. అంగిలి మీద మచ్చ మొదట్లోనే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోవచ్చు. ముదిరాక చేతులు కాల్చుకుని ఆకులు పట్టుకున్నట్టే.

భయం అక్కర్లేదు, బద్ధకం పనికిరాదు

ఇంత చదివాక "ఇక ఏం తినాలమ్మా, ఎలా బతకాలమ్మా" అనిపించవచ్చు. ఒక పండుగనాడు మాడిన గారె తిన్నా, ఒక పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర గంటసేపు నిలబడినా ఏమీ కాదు. రోజూ, ఏళ్ల తరబడి తగిలేదే చేటు చేస్తుంది. కాబట్టి రోజువారీ అలవాట్లలో మార్పు తెస్తే చాలు.

ఇంకో మాట. "సహజమైనదంతా మంచిదే, రసాయనమే చెడ్డది" అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. కట్టెల పొగ సహజమే. పొగాకు సహజమే. వేరుశనగ మీది బూజు అంతకన్నా సహజం. వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే సరిపోదు, మన ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

ఈ వారం మీ ఇంట్లో పల్లీల డబ్బా ఒకసారి చేటలో బోర్లించి చూడండి. పొయ్యి దగ్గర గోడ ఎంత నల్లబడిందో చూడండి. అత్తగారో అమ్మగారో చుట్ట కాలుస్తుంటే, చిరాకు పడకుండా పక్కన కూర్చుని, "ఏదీ, ఒక్కసారి నోరు తెరవండి, అంగిలి చూస్తాను" అనండి. ఆవిడ విసుక్కోవచ్చు. అయినా చూడండి.